మగ్గం పక్కన తుపాకి

తుపాకి కావాలని మా ఇంట్లో మొదట పట్టుబట్టింది నేనే. అప్పుడు నాకు పదహారేళ్ళు. నోరు మాత్రం ఇప్పుడెంతో అప్పుడూ అంతే.

మేం ధర్మవరం నేతవాళ్ళం. పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఒక పల్లె చివర నాయన వాటాకు ఇల్లొకటి వస్తే మగ్గం అక్కడికి మార్చుకున్నాం. ఇంట్లో నాయన, అమ్మ, నేను. నాయన నేస్తే నేను పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. పట్టూ జరీ పెట్టెలో ఉంటాయని ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్త, వానల్లేవు, దోపిడీలు ఎక్కువయ్యాయి. పక్క ఊళ్ళో ఒకామె చెవులు తెంపి మరీ కమ్మలు పట్టుకుపోయారని విన్న రోజు అమ్మ తన కమ్మలు తీసేసి చెవులకు వేపపుల్లలు పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఎవరో మనిషి వచ్చి మంచినీళ్ళడిగాడు. తాగుతున్నంతసేపూ వాడి చూపు చెంబు మీద లేదు, తలుపు గడియ మీద ఉంది.

“మీ నాయన సంతకు యా పొద్దు పోతాడు పాపా?” అన్నాడు, మెల్లగా.

యాడికీ పోడని అబద్ధమాడాను. వాడు నవ్వి చెంబు అరుగు మీద బోర్లించి పోయాడు. ఆ రోజే నాయనతో పోట్లాటకు దిగాను. తుపాకి తెస్తావా, మమ్మల్ని ధర్మవరం పంపేస్తావా, ఏదో ఒకటి తేల్చమన్నాను. పాపం, ఆయన ఈగను కూడా తోలేవాడే తప్ప చంపేవాడు కాదు. నా నోటికి జడిసి ఒప్పుకున్నాడు.

లైసెన్సు కోసం పెనుకొండ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నాయన చెప్పులరిగాయి. అది చేతికొచ్చాక పెనుకొండలోనే ఉండే ఒక పెద్దాయన సాయానికొచ్చాడు. పటాలంలో చేసి వచ్చినవాడు, నాయనకు ఎరుక. నాయన మనసు రైఫిలు మీద ఉంది. అంత దూరం నుంచే కొట్టొచ్చు కదా అని ఆయన లెక్క. పటాలమాయన వినలేదు.

“రైఫిలు గుండు దొంగతో ఆగదప్పా. మట్టిగోడ దాటుకోని పోయి పక్కింట్లో పండుకున్నోళ్ళకు తగుల్తాది. నీకు రవ్వలు చిమ్మే తుపాకి చాలు, ఒంటిగొట్టంది.”

రెండు గొట్టాలుంటే గాబరాలో ఏది పేల్చావో నువ్వే మరిచిపోతావని కూడా అన్నాడట. ఇద్దరూ హిందూపురం పోయి రెండు పాత తుపాకులు చూశారు. ఒకదాని కర్ర అద్దంలా మెరుస్తోంది గానీ గొట్టం లోపల తుప్పు తినేసింది. రెండోదాని కర్ర మీద గీతలు, గొట్టం మాత్రం శుభ్రం. నాయనకు మెరిసేదే నచ్చింది. పటాలమాయన గొట్టాలు మడత దగ్గర విరిచి తెరిచి ఒక్కోదాంట్లోంచి ఆకాశం చూపించి గీతలదాన్నే కొనిపించాడు.

తెచ్చాక దానికి చేసిన సింగారం అంతా ఇంతా కాదు. భుజానికి తగిలించుకునే పట్టీ నాయనే నాలుగు వేళ్ళ వెడల్పున నేశాడు. కొబ్బరినూనె పూయబోతే పటాలమాయన తిట్టి కుట్టుమిషను నూనె పూయించాడు. గొట్టం మొనకు జానెడు ఇవతల, కింది పక్క, బ్యాటరీ లైటు కట్టుకున్నాం. కట్టిన పట్టుదారం పేనింది నేనే. మీట బొటనవేలికి అందాలని నాయన ఎడమచెయ్యి ముందుకు చాపి లైటు దగ్గరే పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. గుండు పెట్టే ముందు గొట్టంలోంచి ఆకాశం చూడాలి, కనపడకపోతే పెట్టకూడదు. ఈ ఒక్క పాఠం ఆయన మగ్గం మీద కూర్చుని కూడా వల్లించేవాడు. ఎందుకని మాకెవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు ముట్టుకోవద్దన్నారు, అంతే. ఊరికే వాగే నేను ఆ ఒక్కటీ అడగలేదు.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దున దాకా ఎవరూ కదిలించకూడదు. అలాగని ఇల్లు వట్టిగా వదలడానికి నాయనకు ధైర్యం చాలలేదు. పూజకు ముందే గొట్టం విరిచి ఆకాశం చూసుకుని, గుండు పెట్టి, మగ్గానికి ఆనించాడు. అన్నీ చెప్పినట్టే చేశాడు ఆయన.

మా ఇళ్ళలో పూజ పూట నాడె ఖాళీగా ఉండకూడదు. దారం పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తే కొయ్యపడవ అది. కండె తీసేసి ఆ గుంటలో పసుపుముద్ద నింపుతాం. ఆ పని ఆడపిల్లది. రెండు నాడెలూ నింపాను. పక్కనే తుపాకి నోరు తెరుచుకుని ఉంది. ముట్టుకోవద్దన్నవాళ్ళే పూజ చెయ్యమన్నారు కదా. దానికీ పసుపుముద్ద పెట్టాను. రాలిపోతుందేమోనని కండెపుల్లతో లోపలికి బాగా కూరాను. పైన బంతిపువ్వు పెట్టి దండం పెట్టుకున్నాను, మా నాయనను కాపాడమని.

మర్నాడు పొద్దున్నే అమ్మ వాకిలి ఊడ్చడానికి పోయి చీపురుతోనే వెనక్కి వచ్చింది. ఆ నీళ్ళడిగిన మనిషి దారికి అవతల నిలబడి ఉన్నాడు. ఈసారి ఒంటరిగా లేడు, ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురూ మా ఇంటినే చూస్తున్నారు. నాయన పువ్వు తీసి కళ్ళకద్దుకుని తుపాకి అందుకున్నాడు. ఒకసారి పైకి పేలిస్తే నాలుగూళ్ళకూ వినిపిస్తుందని గడప దాటాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను. పసుపు సంగతి నాకు గుర్తు కూడా రాలేదు.

పేలిన చప్పుడుకు గూటిలో దీపం పడిపోయింది. పొగ పోయాక చూస్తే గొట్టం అరటితొక్కలా చీలి ఉంది. నాయన ఎడమచేతికి బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్ళూ లేవు. దారి అవతల ఎవరూ లేరు. వాళ్ళు మళ్ళీ రానేలేదు. ఇంత చప్పుడయ్యే తుపాకి ఈ తాలూకాలోనే లేదని ఊళ్ళో చెప్పుకున్నారు.

నాలుగో రోజు పటాలమాయన వచ్చాడు. చీలిన గొట్టం లోపల గోటితో గీకి, వాసన చూశాడు.

“పసుపు. నోరు మూసుకుంటే గొట్టం పగలదా? ఇది ఎవురు పెట్టినారు?”

నేను తలుపు చాటుకు జరిగాను. మంచం మీద నుంచి నాయన అన్నాడు.

“నేనే పెట్టినానప్పా. తెలీక.”

పటాలమాయన తిట్టిన తిట్లన్నీ నాయన తల వంచుకుని పడ్డాడు. ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ విప్పలేదు. నాకు సిగ్గు, ఇప్పటికీ సిగ్గే.

నాడె ఒక చేత్తో విసిరితే రెండో చేత్తో పట్టాలి. నాయనకు ఇక ఆ పని కాదు. మగ్గం మీద నేను కూర్చున్నాను, ఆయన కండెలు చుట్టాడు. మరుసటేడు ఆయుధపూజకు నేను పసుపు జోలికి పోలేదు. ఏదో పనున్నట్టు వంటింట్లో దాక్కున్నాను. నాయనే పసుపుగిన్నె తెచ్చి నా ముందు పెట్టి, మిగిలిన రెండు వేళ్ళ మధ్య నాడె ఇరికించి పట్టుకున్నాడు.

“పెట్టమ్మా,” అన్నాడు.

నేను నింపేదాకా ఆ చెయ్యి అలాగే చాపి నిలబడ్డాడు.