సోంపు నూనె సీసా

మొన్న గోపాలపట్నంలో ఒక హోటల్లో భోంచేశాక, మా ఆయన గల్లాపెట్టె దగ్గరి గిన్నెలోంచి చిటికెడు సోంపు తీసి నోట్లో వేసుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఎందుకో ఆయనకీ తెలుసు, మొహం అటు తిప్పుకున్నారు.

కొన్నేళ్ళ కిందటి మాట. కూర్మన్నపాలెంలో ఉంటూ ఆయన స్టీల్ ప్లాంటుకి వెళ్ళేవారు. అంతకుముందు బాగా తాగేవారు. సింహాచలం కొండ మీద, అప్పన్న సాక్షిగా నా చేతిలో చెయ్యేసి మానేశారు. ఆ దయకి ఈనాటికీ దీపం పెట్టినప్పుడల్లా దణ్ణం పెట్టుకుంటాను. మళ్ళీ మాట తప్పితే మాత్రం పుట్టింటికి వెళ్ళిపోవాలని ఆ కొండ మీదే నేనూ మనసులో అనుకున్నాను. అందుకే ఆయన డ్యూటీ నుంచి రాగానే, ఏదో వంకన దగ్గరగా నిలబడి గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని. బడి మొహం చూడలేదు, మా నాన్న ఇంట్లో చెప్పిందే నా చదువు. అయినా ఈ ఒక్క పరీక్షలో ఎప్పుడూ తప్పలేదు.

అలాంటిది, మానేసిన తొమ్మిదేళ్ళకి, ఒక వానాకాలం ఆయన దగ్గర సోంపు వాసన మొదలైంది. సెలవు రోజున అప్పికొండ తీరంలో గాలం వేసి రావడం, తిన్నగా డాబా ఎక్కి తలుపు గడియ పెట్టుకోవడం, గంటకి ఆ వాసనతో దిగడం. అడిగితే "గాలం సామాన్లు కడుగుతన్నాను" అనేవారు. నాలుగు కొక్కేలు కడగడానికి గంటా? దానికి గడియొకటా?

ఆయన అక్క, మా వదిన, నేను చెప్పింది వింటూనే బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మీ, మగోడు సోంపు వాసనతో ఇంటికొత్తే ఏటో తెల్దేటి నీకు? మా ఇంటాయన ఇరవయ్యేళ్ళు తాగొచ్చి నమిలాడు!"

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. తర్వాతి సెలవుకి ఆయన డాబా మీదుండగా గాలం సంచి సర్దుతుంటే క్వార్టర్ సీసా చేతికి తగిలింది. అది పట్టుకునే మెట్లెక్కి తలుపు బాదాను.

"ఏటే, కొంప కాలిపోతందా?" అంటూ తీశారు. సీసా చూసి, "అమ్మయ్య, దానికోసమే దిగబోతన్నాను" అన్నారు తాపీగా.

ఆయన వెనక బకెట్లో సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్, బట్టల తీగకి క్లిప్పులతో వరసగా ఆరేసిన రబ్బరు చేపపిల్లలు.

"ఇదేటండీ?" అంటూ సీసా ఆయన ముందు పెట్టాను.

"మూత తీసి వాసన సూడు."

సోంపు నూనె. అందులో దంచిన వెల్లుల్లి.

"మనిసి సెయ్యి వాసన తగిల్తే పండుగప్ప చేప ఈ రబ్బరు ఎర ముట్టదు. ఇది రాత్తే వత్తాది. మా షిఫ్టులోనే కదా, అక్క మొగుడు బావే కలిపిచ్చాడు. ఆడింట్లో మందు సీసాలు గాక ఇంకే సీసాలుంటాయి?"

"మరి గడియో?"

"పక్కింటి పిల్లి. మొన్న ఒక ఎరని కొక్కెంతో సహా మింగబోయింది."

పెట్టె తెరిచి చూపించారు. ఉప్పు పోయేలా కడిగి, పూర్తిగా ఆరాక ఒక్కోటీ ఒక్కో అరలో పెట్టాలట. తడి ఉంటే కొక్కెం తుప్పు పడుతుంది, రబ్బరూ రబ్బరూ తగిలితే కరిగి అతుక్కుపోతాయి. నేను వింటూనే ఆయన నోటికేసి చూస్తున్నాను. ఆయన చెప్పడం ఆపి, నా మీదికి వంగి, నోరు తెరిచి నిండుగా ఊపిరి వదిలారు. వేపపుల్ల వాసన తప్ప మరేం లేదు.

"నువ్వు దగ్గరికొచ్చినప్పుడల్లా వంగుతన్నాను కదే. నీ ముక్కుకి అందాలనే."

బ్రష్ తీసుకుని పక్కన కూర్చుని ఒక ఎర తోమడం మొదలుపెట్టాను. తాగుడు మానడానికి ఆయనకి ఒక్క పొద్దు చాలింది. నమ్మడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తొమ్మిదేళ్ళూ విసుక్కోకుండా గడిపింది మాత్రం ఆయనే.