చిల్లుల ఆల్చిప్పలు

మా ఊరి మ్యూజియంలో కొన్న ప్యాకెట్‌ను ఆ మెట్ల మీదే విప్పాను. లోపల గుండ్రటి చిల్లులున్న ఆల్చిప్పలు, ఘుమఘుమలాడే నిమ్మకాయ సబ్బు వాసన. ఒళ్ళు మండిపోయింది. మా ఆల్చిప్పలకు నది బురద వాసన ఉండేది.

మిసిసిపీ ఒడ్డున ఈ చిన్న ఊళ్ళో ఒకప్పుడు ఆల్చిప్పల్లోంచి చొక్కా గుండీలు కోసేవారు. ప్లాస్టిక్ గుండీలొచ్చి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. డెబ్భైల చివర్లో, ఇక్కడి ఆసుపత్రిలో నాన్న డాక్టరుగా ఉన్న రోజుల్లో, గుండీలు కోయగా మిగిలిన చిల్లుల చిప్పలు ఒడ్డంతా గుట్టలుగా పడి ఉండేవి. వేసవి సాయంత్రాలు అమ్మా నేనూ బకెట్లతో ఏరుకొచ్చేవాళ్ళం. పక్కింటివాళ్ళు గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటుంటే, అమ్మ మా గ్రిల్‌లో నిప్పుల మధ్య చిప్పల్ని బాగా కాల్చి నీళ్ళు చిలకరించేది. అవి బుస్సుమని పొగలు కక్కి, విరిగి, మల్లెపూవంత తెల్లటి ముగ్గుపిండి అయ్యేవి, ఆ ఘాటుకు నాకు తుమ్ములొచ్చేవి, సున్నానికి పగిలిన అమ్మ వేళ్ళు ఆవకాయ కలుపుకున్నప్పుడు చుర్రుమనేవి. శుక్రవారం పొద్దున్నే గుమ్మం నుంచి పేవ్‌మెంట్ దాకా పద్మాల ముగ్గు.

ఒక ఏడాది నది ఉత్సవం ఊరేగింపు మా వీధిన వస్తుందని, కమిటీ పెద్దమనిషి నీళ్ళ పైపు పట్టుకొచ్చి, ఊరు శుభ్రంగా కనబడాలంటూ ముగ్గంతా కడిగేశాడు.

“పోనీలేవే, వాళ్ళ ఊరు,” అన్నాడు నాన్న.

“మరి దీని ఊరేదండీ? ఇది పుట్టిందిక్కడే కదా!” అంది అమ్మ నా భుజం పట్టుకుని. నాన్న ఆసుపత్రికి బయల్దేరిపోయాడు. నాన్న మీద కోపం ఇప్పటికీ నాకు చల్లారలేదు.

ఇవాళ, ఇప్పుడు మేముంటున్న నేపర్‌విల్ నుంచి అమ్మను తీసుకొచ్చాను. ఒడ్డంతా కాంక్రీటు పోసేశారు. మ్యూజియంలో ఫ్యాక్టరీ యజమానుల నిలువెత్తు ఫొటోలు, అద్దాల పెట్టెలో చిప్పలు, కింద ఒక బోర్డు: ఇవి ఎవరికీ పనికిరాని చెత్త. అమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, “ఎవరికీనా?” అంది. ఆ మాట మార్చమని అక్కడి ఆవిడనడిగాను. ఇక్కడ ఊరి చరిత్ర మాత్రమే పెడతామంది, నవ్వుతూనే.

ఆనాడు పైపు పట్టినవాడూ ఇలా నవ్వుతూనే కడిగాడు కదా!

ఏరుకోవడానికి ఒక్క చిప్ప లేదు, కాల్చే ఓపిక అమ్మకు లేదు, ఆ పనితనం నాకు రాదు. ప్యాకెట్‌లోని చిప్పనే మ్యూజియం నల్లరాతి మెట్టు మీద బరబరా గీశాను. తెల్లటి పొడి రాలింది, చిటికెడు వేళ్ళ మధ్యకు తీసుకున్నాను. లోపలి నుంచి ఆవిడ పరుగున వస్తోంది.

అమ్మ చేతికర్రతో మెట్టు మీద తట్టింది.

“చుక్కలు తిన్నగా పెట్టవే.”