రెండో కుండ నీళ్ళు

మా చరిత్ర అయ్యవారు పోయినారని ఎమ్మిగనూరులో ఆదోని బస్సు దిగినాయన చెప్పినాడు. మగ్గం ఆపి ఆదోనికి బయల్దేరినాను. నేను పోయేసరికి పొగడడానికి పెద్దమనుషులు వరసగా కూర్చోనుండారు. ఆయన బతికుండగా ఆ వీధి తొక్కినోళ్ళు కాదు వీళ్ళు.

అయ్యవారు గ్రీకుల కోర్టు పాఠం చెప్పాలంటే పుస్తకం తెరిచేవారు కాదు. అడుగు పక్కన సన్న బెజ్జమున్న కుండను బల్ల అంచున పెట్టేవారు. ఏథెన్సులో వకీళ్ళు లేరు, ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాల. కుండలో నీళ్ళు కారినంతసేపే మాట. ఇద్దరికీ ఒకటే కొలత. "అట్లని వాళ్ళను నెత్తిన పెట్టుకోవద్దప్పా. ఆడోళ్ళకూ బానిసలకూ ఆ కుండే లేదు," అని మూతి విరిచేవారు.

ఒకసారి పత్తి వ్యాపారి కొడుకు తన పెన్ను పోయిందని కూలోళ్ళ పిల్లోని మీద నేరం మోపినాడు. అయ్యవారు ఇద్దరికీ కుండ పెట్టినారు. వ్యాపారి కొడుకు ఇంకా సాగదీస్తాంటే, "నీ నీళ్ళు అయిపోయినాయి, కూర్చోప్పా," అన్నారు. నేరముందంటే చింతగింజ, లేదంటే పత్తిగింజ వేయమని మా అందరికీ చెప్పినారు. పత్తిగింజలే కుప్పబడినాయి.

ఆ వ్యాపారే బడి కమిటీ ప్రెసిడెంటు. కూలోళ్ళను తన కొడుకుతో సమానం చేస్తాడా అని కమిటీలో గంటసేపు అరిచి, అయ్యవారిని తీసేయించినాడు. అయ్యవారు మాట్లాడబోతే టైము లేదన్నారంట. "ఉద్యోగం పోయినందుకు కాదప్పా. నా మాట ఒక్కరూ వినల్యా," అని నాతో అన్నారు. ఆ బాధ ఆయనను కడదాకా తినింది.

సంతాపసభలో మొదట లేచినోడు ఆ ప్రెసిడెంటే. జరీ కండువా సర్దుకొని, "నాకు సొంత తమ్ముని మాదిరి," అని ఎత్తుకున్నాడు. అన్నీ అమ్మే ఆ మనిషి అంగట్లో సిగ్గు మాత్రం ఎప్పుడూ సరుకు లేదు.

నేను పోతానే అయ్యవారి భార్య ఆ కుండ నా చేతికిచ్చి, "ఆయన మాట ఇందులోనే ఉండిపాయ నాయనా," అన్నారు. దాన్ని ప్రెసిడెంటు ముందర పీట అంచున పెట్టి, కింద చెంబు పెట్టి, నీళ్ళు పోసినాను. ఆయన చెప్పుకుంటా పోయినాడు. చివరి చుక్క పడినాక లేచినాను.

"మీ నీళ్ళు అయిపోయినాయి, కూర్చోండయ్యా."

వెనక మా బడి పిల్లోళ్ళు, ఇప్పుడు మీసాలొచ్చినోళ్ళు, ఒక్కొక్కరే లేచి నిలబడినారు. ఆయన కూర్చున్నాడు.

చెంబులో నీళ్ళు మళ్ళీ కుండలో పోసినాను. "ఇవి అయ్యవారివి," అన్నాను.

వెనక పిల్లోళ్ళు ఇంకా నిలబడే ఉండారు. ప్రెసిడెంటు లేవబోయి, వెనక్కి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. కుండ కింద నీళ్ళు సన్నగా కారుతానే ఉండాయి.