తుడిచిపోయిన శుభలేఖ

గోసాని నువాగాంలో కంప్యూటర్ మీద పెళ్లి పత్రికలు కూర్చే మా డీటీపీ అక్క పోయిన మంగళవారం చనిపోయింది. కబురు చెప్పింది హల్దియాపదర్ నుంచి వచ్చే పిల్ల. డిగ్రీ చదువుతూ అక్క దగ్గర నాతోపాటే పని నేర్చుకున్న పిల్ల. అక్క పోయిన సంగతి నాకంటే ముందు దానికి తెలిసిందని, ఏడుపుకంటే ముందు కుళ్లొచ్చింది నాకు.

మా సరిహద్దు వైపు శుభలేఖ ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. పెదనాన్న పేరు పైన వేయాలా, మేనమామ పేరు వేయాలా అని అక్క షాపులోనే తగువులు. పొద్దున తీయించిన పేరు సాయంత్రం మళ్లీ పెట్టమంటారు. “ఆళ్ల తగువు తెగీదాకా ఫైలు మూయకండే. మూసీస్తే అన్‌డూ పోద్ది,” అనేది అక్క. అన్‌డూ నొక్కుతూ వెనక్కి వెళ్లి, ఏ పేరు ఏ వరసలో ఉండేదో చూపించి పెద్దల నోళ్లు మూయించేది. టీ తాగుతూ కూడా ఎడంచేత్తో సేవ్ నొక్కేది. ఆ అలవాటు మాకూ పట్టింది.

ఒకరోజు ఆ పిల్ల కూర్చిన పత్రిక చూసి, “సూడే, సేతిపనంటే అదీ,” అంది నాతో. వాళ్లిద్దరూ వెనక గదిలో అన్నం తింటుంటే దాని కుర్చీలో కూర్చున్నాను. అన్‌డూ నొక్కుతూ పోయాను. ఒక్కో వరసా మాయమవుతుంటే ఎంత హాయో! రీడూ నొక్కి అన్నీ తిరిగి తెచ్చేద్దామనే అనుకున్నాను. ఈలోగా వేలు తగిలి ఒక అక్షరం పడింది. కొత్త అక్షరం పడ్డాక రీడూ పనిచేయదు. ఆ కంగారులో, అలవాటు కొద్దీ, సేవ్ కూడా నొక్కేశాను. దాని పొద్దుటి పనంతా పోయి, ఖాళీ పత్రిక భద్రంగా మిగిలింది.

అక్క ముందుగా చెయ్యి కడుక్కుని వచ్చింది. తెరని చూసింది, నన్ను చూసింది. “ఒసే, నీ కార్డు నేనే సూసుకోకుండా తుడిచీసినానే, రా,” అని ఆ పిల్లని కేకేసింది. తర్వాత కాగితాలు కత్తిరిస్తున్న నా దగ్గరకొచ్చి మెల్లగా అంది: “కుళ్లుంటే దానికన్నా బాగా సెయ్యి. దానిది సెరిపీడం కాదు.” ఆ రోజు అక్క నా పేరెత్తి ఉంటే మర్నాడు నేను పనికి వెళ్లేదాన్నే కాదు.

ఇప్పుడు అక్క ఇంట్లో, పరామర్శకు వచ్చినవాళ్లకల్లా ఆ పిల్ల చెబుతోంది. “ఓపాలి అక్క నా కార్డు పొరపాట్న తుడిచీసింది. పొద్దుగూకీదాకా నా పక్కన కూకుని మళ్లీ కూర్పించింది. నాకు పనొచ్చింది ఆ రోజే.”

నా తప్పు పోయిన మనిషి మీద ఉండిపోతోంది. ఆ పిల్లని వీధిలోకి లాక్కొచ్చి చెప్పేశాను.

“అది అక్క కాదే. నేను.”

“ఏటి? ఎందుకు సేసినావే?”

“నిన్ను మెచ్చుకుందని.”

“బుద్ధి నేదు నీకు,” అంది ముక్కు తుడుచుకుంటూ. అంతలోనే దాని ముఖం విచ్చుకుంది. “అయితే తన తప్పు కాకపోయినా, అక్క నా కోసం అంతసేపు కూకుందన్నమాట!”

తప్పు దించుకుందామని వెళ్లి, దానికే అక్కని ఇంకాస్త ఇచ్చి వచ్చాను. కళ్లు మూసుకుంటే తెర ముందు ఆ రెండు తలలే కనిపిస్తున్నాయి. అక్క దాని భుజం మీద చెయ్యి వేసి చదువుతోంది. పెళ్లికూతురి పేరు అక్షరం వెంట అక్షరం తిరిగొస్తోంది.