టికెట్టక్క తట్టిన తప్పు తలుపు

నలభై దాటాక పుస్తకాల సంచి భుజాన వేసుకుని కాలేజీ మెట్లెక్కిన ఆ మనిషిని తరగతిలో అందరూ టికెట్టక్క అనేవారు. అంతకు ముందు ఆమె సిటీ బస్సులో కండక్టరు. టికెట్లు కొట్టే యంత్రాలు వచ్చి కండక్టర్లను ఇళ్ళకు పంపేశాయి గానీ, ఆమె గొంతును మాత్రం ఎవరూ ఎక్కడికీ పంపలేకపోయారు. "ముందుకు జరగండి" అని ఆమె అరిస్తే బస్సులో వాళ్ళే కాదు, పక్కన రోడ్డు మీద నడిచేవాళ్ళు కూడా ఓ అడుగు ముందుకు జరిగేవారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆమె టికెట్టుతో పాటు సలహా కూడా ఇచ్చేది, అడిగినా అడక్కపోయినా. పరీక్ష తప్పిన కుర్రాడు ఏం చదవాలో, నడుం నొప్పన్న పెద్దాయన ఏ పక్కకు తిరిగి పడుకోవాలో చిల్లర ఇచ్చేలోపే తేల్చేసేది. మొగుడితో పోట్లాడి పుట్టింటికి బయల్దేరిన పిల్లను రెండు స్టాపులు దాటకుండానే దింపి, ఎదురు బస్సెక్కించి వెనక్కి పంపేది. అందుకే సోషల్ వర్క్ కోర్సు అనేదొకటి ఉందని తెలిసినప్పుడు ఎగిరి గంతేసింది.

"ఇన్నాళ్ళూ నేను చేసింది ఇదేనండీ! దీనికి పట్టా కూడా ఇస్తారట!" అంది భర్తతో.

ఆయన టైలరు. నోట్లో గుండుసూదులు ఉండటం వల్ల తల మాత్రం ఊపాడు.

కాలేజీలో వాళ్ళకు ప్రాక్టికల్స్ చూసే టీచరుకు పిల్లలు పెట్టిన పేరు 'ఆ తర్వాత మేడం'. సన్నగా, నిదానంగా ఉండే ఆవిడ ఎవరేం చెప్పినా "ఆ తర్వాత?" అని ఊరుకునేది. చేసిన పనిని చేసి వదిలేయకూడదు, కూర్చుని మళ్ళీ చూసుకోవాలి, ఎదుటివాళ్ళలో ఏం జరిగిందో దాంతో పాటు మనలో ఏం జరిగిందో కూడా చూసుకోవాలి. ఇదీ ఆవిడ పాఠం. ఎంత సులువో అనుకుంది టికెట్టక్క. మొదటి వారమే బస్సులో తాను కాపురాలు నిలబెట్టిన కథలన్నీ తరగతికి వినిపించింది.

"పుట్టింటికి వెళ్తున్న ఆ అమ్మాయిని వెనక్కి పంపారు. ఆ తర్వాత?" అంది మేడం.

"ఆ తర్వాత ఏముంది మేడం, బస్సెక్కి వెళ్ళిపోయింది."

"ఆ అమ్మాయి ఎందుకు పోట్లాడి వచ్చిందట?"

టికెట్టక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అంత పెద్ద గొంతులోంచి ఏమీ రాకపోవడం ఆ తరగతి చూడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి ఆమె వినడం నేర్చుకోవాలని కంకణం కట్టుకుంది. సలహా చెప్పకూడదు, ఎదుటివాళ్ళన్న మాటనే మెల్లగా తిరిగి వాళ్ళకు అందించాలి. సాధన చేయడానికి ఇంట్లో దొరికింది టైలరు గారొక్కరే.

"ఏమే, ఈ టీలో పంచదార లేదు."

"టీలో పంచదార లేదని మీకు అనిపిస్తోంది."

"అనిపించడమేమిటి? లేదు!"

"లేకపోవడం మిమ్మల్ని బాధపెడుతోంది."

"బాధ కాదే, డబ్బా ఎక్కడుందో చెప్పు చాలు!"

"డబ్బా కోసం వెతుకుతున్నారు..." అంటుండగానే ఆయన కప్పు పట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు.

ఇలా ఉండగా ప్రాక్టికల్స్ కోసం వెళ్ళి పలకరించాల్సిన మొదటి ఇల్లు ఆమెకు కేటాయించారు. ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన. ఎవరికీ తలుపు తీయడట, ఎవరితోనూ మాట్లాడడట, ఇంటిని పట్టించుకోడట. ఇదంతా ఫైల్లో ఉంది. టికెట్టక్క దాన్ని కంఠతా పట్టింది. భర్త కొత్తగా కుట్టిచ్చిన జాకెట్టు తొడుక్కుని, దారంతా "అంటే మీకు అనిపిస్తోంది" అని గొణుక్కుంటూ బయల్దేరింది.

ఆ భవనానికి కుడివైపు మెట్లు, ఎడమవైపు మెట్లు ఉన్నాయి. రంగులు వేస్తున్నందువల్ల తలుపుల మీద నంబర్లన్నీ చెరిగిపోయాయి. ఆమె ఎడమవైపు ఎక్కింది. ఎక్కాల్సింది కుడివైపు.

పై అంతస్తులో తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల ఒక్క సామాను లేదు. నేలంతా దుమ్ము. ఓ మూల సిమెంటు బస్తా మీద కూర్చుని ఒకాయన టీ తాగుతున్నాడు. జుట్టు తెల్లగా, కనుబొమలు తెల్లగా, మొహమంతా అలసట. అయ్యో, ఇంటిని పట్టించుకోకపోవడమంటే మరీ ఇంతనా అనుకుంది టికెట్టక్క.

"రండమ్మా రండి, మీకోసమే చూస్తున్నాను" అన్నాడాయన లేచి నిలబడి.

ఎవరికీ తలుపు తీయని మనిషి! ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని, "ఎలా ఉందండీ?" అని అడిగింది.

"ఏం చెప్పమంటారు. పైకి నిగనిగలాడుతోంది. లోపలంతా డొల్ల."

మొదటి మాటకే మనసు విప్పేశాడు! "లోపలంతా డొల్లగా ఉందంటారు" అంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

"నేననడం కాదమ్మా, ఎవరు తట్టి చూసినా తెలుస్తుంది. తట్టి చూసేదెవరు?"

"తట్టి చూసేవాళ్ళే లేరు..."

"అదే కదా! మొదట్లోనే జరిగిపోయింది పొరపాటు. తడి ఆరకముందే పైన బరువు మోపేశారు."

చిన్నతనంలోనే బరువు మోసినవాడన్న మాట. టికెట్టక్క తల ఊపింది, ఊపుతూనే ఉంది. "మరి ఇప్పుడేం చేస్తే బాగుంటుందని మీకు అనిపిస్తోంది?"

"మొత్తం పగలగొట్టేయాలి."

ఇలాంటప్పుడు భయపడకుండా సూటిగా అడగాలని పాఠంలో చెప్పారు. "పగలగొట్టడమంటే... మీరొక్కరేనా?"

"ఒక్కణ్ణే ఎక్కడ అవుతుందమ్మా? రేపు ఇంకో ఇద్దర్ని తీసుకొస్తాను."

లేచి పారిపోదామనిపించింది. ఏ పాఠంలోనూ దీనికి జవాబు లేదు. ఫైల్లో కూడా లేదు. ఇక తనకేమీ తోచక, మామూలు మనిషి మామూలు మనిషిని అడిగినట్టు అడిగేసింది: "అది సరే, ఇంతకీ మీరెలా ఉన్నారు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నేనా?" అన్నాడు. "నన్నెవరడుగుతారమ్మా," అని మొదలుపెట్టాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. తండ్రి పనే నేర్చుకుంటానంది. ఆడపిల్లకు ఈ బరువులూ ఈ దుమ్మూ ఏమిటని ఆయన కసిరాడు. పిల్ల అలిగి మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది, మాటల్లేవు. ఇది వినేసరికి టికెట్టక్క నాలుక మీదికి పాతికేళ్ళ బస్సు సర్వీసు అంతా దూసుకొచ్చింది. ఆడదానికి కండక్టరు పనేమిటని తననూ అన్నవాళ్ళున్నారు! చెప్పాల్సింది కొండంత ఉంది. పళ్ళు బిగబట్టింది.

"ఆ తర్వాత?" అంది.

"ఆ తర్వాత... నిజం చెప్పొద్దూ, దాని చెయ్యి నాకంటే నున్నగా ఆడుతుందమ్మా. పని చేతకాదని కాదు నేను కాదన్నది. మా వాళ్ళంతా నవ్వుతారని." ఆయన తన మాట తనకే కొత్తగా వినపడ్డట్టు ఆగిపోయాడు. "ఇదిగో, ఇప్పటిదాకా ఈ ముక్క నాకూ తెలీదు."

అంతలో గుమ్మంలోంచి మరో గొంతు వినిపించింది. "మేస్త్రీ గారూ, తమ్ముడు నన్ను చూసి రమ్మన్నాడు. ఇంతకీ టైల్స్ సంగతి ఏం తేల్చారు?"

మేస్త్రీ గుమ్మంలో ఉన్నావిడను చూశాడు. తర్వాత టికెట్టక్కను చూశాడు. చేత్తో తల దులుపుకున్నాడు. తెల్లటి దుమ్ము రాలిపోయి కింద నల్లటి జుట్టు బయటపడింది.

"ఇంటివాళ్ళ అక్కగారు మీరైతే, మరి ఈవిడెవరండీ?"

ఏం చెప్పిందో ఆమెకు గుర్తు లేదు. రెండు చేతులూ జోడించి, సంచి మెడకు చుట్టుకుపోయి, మెట్ల దగ్గరికొచ్చి పడింది. సగం దిగేసరికి డొల్ల గుర్తొచ్చింది. ఇంకో నాలుగు మెట్లు దిగేసరికి 'తడి ఆరకముందే' గుర్తొచ్చింది. ఇక అక్కడే చతికిలబడి, ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఎదురొచ్చిన రంగులతను ఆవిడకేమైందోనని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మర్నాడు తరగతిలో ఆమె ఈ కథ చెబుతుంటే బల్లల మీద తలలు వాల్చి నవ్వారు. కూతురి సంగతి మాత్రం ఆమె ఆ గదిలో బయటపెట్టలేదు, "ఇంకేదో సొంత విషయం చెప్పుకున్నాడు" అని దాటేసింది. "రేపు ఇంకో ఇద్దర్ని తీసుకొస్తాను" దగ్గర మేడం కూడా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. నవ్వులన్నీ సద్దుమణిగాక అడిగింది.

"బయట జరిగింది చెప్పారు. మీ లోపల?"

టికెట్టక్క ఈసారి తొందరపడలేదు. "ఆయన నేల గురించి చెబుతుంటే నేను గుండె గురించి విన్నాను మేడం. ఫైలు చదివి వెళ్ళాను కదా, ఆయనేమన్నా తీసుకెళ్ళి అందులో సర్దేశాను. ఎదురుగా సిమెంటు బస్తా ఉంది, అదీ కనపళ్ళేదు నాకు. బస్సులో సలహాలిచ్చి వినేదాన్ని కాదు. ఇప్పుడు తలూపుతూ వినలేదు. అంతే తేడా."

"మరి అసలు విన్నదెప్పుడు?"

"ఏం చెయ్యాలో తోచనప్పుడు."

మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఆయన తన సొంత విషయం ఎవరికి చెప్పాననుకున్నాడు?"

ఇంటివాళ్ళ అక్కకి. ఈ సంగతి టికెట్టక్కకు అప్పటిదాకా తట్టనేలేదు. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. తాను ఎవరో చెప్పకుండా ఒక మనిషి మనసులో మాట పట్టుకొచ్చేసింది. "వెళ్ళి చెప్పి రానా మేడం?" అంది. మేడం "ఆ తర్వాత?" అనలేదు, తలూపింది.

సాయంత్రం వెళ్ళేసరికి ఆ హాల్లో సుత్తి దెబ్బలు దద్దరిల్లుతున్నాయి. గుమ్మంలో నిలబడి, తాను సోషల్ వర్క్ చదువుతున్నాననీ, తప్పు ఇంటికి వచ్చాననీ, ఆయన చెప్పింది వినే హక్కు తనకు లేదనీ, క్షమించమనీ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆ గొంతుకు సుత్తులు ఆగాయి.

మేస్త్రీ నోరు తెరిచి వింటూ, వింటూ, "అయితే నా డొల్ల..." అన్నాడు.

"మీ మనసనుకున్నానండీ."

ఆయన నేల మీదే కూలబడి నవ్వాడు. లోపలి గదిలోంచి, తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో టైల్స్ వరస సరిచూసే దారం పట్టుకున్న అమ్మాయి బయటికి వచ్చింది. "ఏంటి నాన్నా?" అని అడిగింది. అడిగి తనూ నవ్వడం మొదలుపెట్టింది, సంగతేమిటో తెలియకుండానే. నిన్న రాత్రే మేనత్త ఇంటికి వెళ్ళి పిల్చుకొచ్చాడట. "మీరెవరైతే ఏం లెండి, అడిగారు కదా" అన్నాడు మేస్త్రీ. ఆ మాట వింటే సంతోషమే గానీ, టికెట్టక్క దాన్ని తన ఘనతగా జమ కట్టుకోలేదు. మళ్ళీ ఒకసారి క్షమించమని అడిగి, మెట్లు దిగి, కుడివైపు మెట్లెక్కింది.

అక్కడ తలుపు మూసి ఉంది. తట్టింది. లోపల అడుగుల చప్పుడు వచ్చి తలుపు వెనకే ఆగింది. "ఎవరూ లేరు," అని వినిపించింది.

"మంచిదండీ. నేను నిన్న తప్పు ఇంటికెళ్ళాను. ఇది సరైనదో కాదో కనుక్కుందామని."

"తప్పు ఇంటికా? ఎలా?"

టైల్స్ వరకు చెప్పింది, కూతురి సంగతి వదిలేసి. తలుపు అవతల మొదట దగ్గు, తర్వాత కిసుక్కుమని ఓ చప్పుడు, తర్వాత గడియ తీసిన చప్పుడు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కున్న పెద్దాయన. వెనక ఇల్లు అద్దంలా ఉంది. ఇంటిని పట్టించుకోడని రాసిన మహానుభావుడు ఏ మెట్లెక్కాడో!

మాట్లాడడన్న ఆ పెద్దాయన మాట్లాడటం మొదలుపెట్టాక టికెట్టక్కకు సందు దొరికితే ఒట్టు. జీవితమంతా ఒక పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు నడిపాడు. ఇప్పుడున్న ఈ భవనానికి లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు దిగలేడు. వచ్చినవాళ్ళందరూ చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచి, వృద్ధాశ్రమానికి వెళ్ళమని చెప్పి పోతుంటే తలుపు తీయడం మానేశాడు.

"మీకేం కావాలనుంది?" అని అడిగింది, ఆయన ఊపిరి తీసుకున్న ఆ ఒక్క క్షణంలో.

"కిందికి దిగి, వీధిలో నిలబడాలనుంది."

ఆయన దిగడానికి కావాల్సినవి మధ్యలో కూర్చోవడానికి రెండు కుర్చీలు, పట్టుకోవడానికి ఓ గట్టి కమ్మీ, ఇరుగుపొరుగు వాళ్ళ కాస్త ఓపిక. వాటికోసం ఆమె ఎన్ని తలుపులు తట్టిందో! ప్రతి తలుపు దగ్గరా ముందు "ఇది ఎవరిల్లండీ?" అని అడిగి మరీ మాట మొదలుపెట్టింది. మెట్ల మలుపుల్లో కుర్చీలు పడ్డాయి. ఓ ఆదివారం ఉదయం పెద్దాయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని బయల్దేరాడు. టైలరు గారు కూడా ఓ చెయ్యి వేయడానికి వచ్చాడు. తలుపుల్లోంచి తలలు తొంగిచూశాయి.

మొదటి మలుపు చేరి కుర్చీలో కూర్చున్నాక పెద్దాయన వెన్ను నిటారుగా చేసి, దుకాణమంతా వినపడే గొంతుతో కేకేశాడు: "రెండో అంతస్తు! చీరలు, దుప్పట్లు, పెళ్ళి బట్టలు! దిగేవాళ్ళు దిగండి!"

"ఎక్కేవాళ్ళు ముందుకు జరగండి!" అని టికెట్టక్క కేకేసింది, ఆపుకోలేక.

"మొదటి అంతస్తు! పిల్లల బట్టలు, బొమ్మలు!"

పిల్లలు నిజంగానే పరిగెత్తుకొచ్చారు బొమ్మలెక్కడని. కింది అంతస్తు చేరేసరికి వెనక ఓ ఊరేగింపే తయారైంది. పెద్దాయన గుమ్మం దాటి ఎండలోకి వచ్చి, కళ్ళు చిట్లించి, వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

టికెట్టక్క పక్కనే నిలబడింది. చాలాసేపటికి గానీ ఆమెకు తెలియలేదు, తన సంచీ, చెప్పులూ పైనే వదిలేసి వచ్చానని.