తలకింద తువ్వాలు

ఉద్యోగం మానేస్తానని కరీమున్ రాసిన కాగితం వారం రోజులు నా మందుల బీరువాలోనే ఉంది. డాక్టరుగారికి ఇమ్మని నా చేతికిచ్చింది. నేను ఇవ్వలేదు. ప్రేమతో కాదు, ఆ పిల్ల వెళితే డ్యూటీలన్నీ నా నెత్తిన పడతాయి. ఉన్న మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

అది 2003, పత్తికి మందు కొట్టే కాలం. సత్తెనపల్లిలో మాది పన్నెండు మంచాల ఆసుపత్రి. రెబ్కా అంటే నేనే, అక్కడ పెద్ద సిస్టర్ని. కరీమున్‌ది వేటపాలెం. వాళ్ళమ్మ జీడిపప్పు కార్ఖానాలో గింజలు ఒలిచి నర్సింగు చదివించింది. ఇరవై ఒక్క ఏళ్ళకి ఇది మొదటి ఉద్యోగం. వచ్చిన దగ్గర్నుంచీ పురుగుమందు కేసులే. డాక్టరుగారి కేకలు, బంధువుల ఏడుపులు, డ్యూటీ దిగాక డాబా మీద గదిలో ఒక్కతే. అందరం "కొత్త సిస్టర్" అనే పిలిచేవాళ్ళం. ఐదు నెలలైనా కొత్తదే. మధ్యాహ్నం నేనూ, ల్యాబులో చేసే రాజరాజేశ్వరీ కలిసి తినేవాళ్ళం. ఆ పిల్ల డబ్బా పట్టుకుని మెట్లెక్కి పోయేది. పిలిస్తే వచ్చేదేమో. పిలవలేదు.

ఆదివారాలు ఎస్‌టీడీ బూతు నుంచి పక్కింటివాళ్ళకి ఫోను చేసి అమ్మని పిలిపించుకునేది. ఆవిడది ఒకటే మాట: "ఏడాది ఓపిక పట్టమ్మా, అనుభవం సర్టిఫికెట్టు చేతికొస్తే ఎక్కడైనా తీసుకుంటారు." ఉండాలా, పోవాలా అని కొట్టుకులాడి కొట్టుకులాడి, చివరికి ఆ కాగితం రాసింది.

మర్నాడే హుస్సేన్ సాహెబ్ అనే రైతుని ట్రాక్టరులో తెచ్చారు. చేలో మందు కొడుతూ పడిపోయాడు. నోట నురగ. కరీమున్ బట్టలు తీయించి, తలా ఒళ్ళూ సబ్బుతో కడిగి, ఇంజక్షన్లు మొదలుపెట్టింది. పావుగంటకోసారి కంటిపాప చూడటం, నాడి చూడటం, రాయడం. తెల్లారేసరికి మనిషి తేరుకుని భార్య మస్తాన్‌బీతో మాట్లాడాడు. పదకొండింటికి మళ్ళీ చెమటలు పట్టాయి. కంటిపాప ఆవగింజంత అయిపోయింది, విషం మళ్ళీ ఎక్కుతోందన్నమాట.

"కరీమున్!" డాక్టరుగారు వార్డు దద్దరిల్లేలా అరిచారు. "డోసు ఎగ్గొట్టావా? మనిషి పోతే జవాబు నువ్వు చెప్తావా?"

డోసులన్నీ పడ్డాయని నాకు తెలుసు, ఛార్టు మీద నేనూ సంతకం పెట్టాను. అయినా నోరు విప్పలేదు. ఎలాగూ మానేసి పోయే పిల్లే కదా, నాకెందుకు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కరీమున్ ఏడవలేదు. ఇంజక్షను ఇచ్చి, అతని మొహం మీదకు వంగి, అలాగే ఆగిపోయింది. తలకింద మడత పెట్టి ఉన్న తువ్వాలు లాగి వాసన చూసింది. మందు కొట్టేటప్పుడు మా వైపు మగవాళ్ళు మూతికి చుట్టుకునే తువ్వాలు. వార్డంతా అదే కంపు కాబట్టి ఎవరి ముక్కుకీ తెలియలేదు. రాత్రంతా దానికి పట్టిన పురుగుమందు తలలోంచి ఒంట్లోకి ఇంకుతూనే ఉంది.

"ఎవరు పెట్టారిది?" అన్నాను.

మస్తాన్‌బీ బిక్కచచ్చిపోయింది. తప్పు ఆమె మీదకు తోసేస్తే అడిగేవాడు లేడు. కరీమున్ డాక్టరుగారి వైపు తిరిగింది.

"డోసు తప్పలేదు సార్. తువ్వాలు మాత్రం నేనే పెట్టాను. తలగడ లేక మెడ వాలిపోతోందని ఈవిడ సంచీలోంచి నేనే తీశాను."

అతని తల మళ్ళీ కడిగింది. సాయంత్రం దాకా ఆ మంచం వదల్లేదు. నాలుగు రోజులకి హుస్సేన్ సాహెబ్ తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. "ఆ పిల్లని వదలొద్దు" అన్నారు డాక్టరుగారు.

బీరువాలోంచి కాగితం తీసి కరీమున్‌కి చూపించాను. "ఇంకా ఇవ్వలేదు. ఆయనకిప్పుడు నువ్వంటే గురి కుదిరింది. చింపెయ్యనా?"

ఉండిపోతుందనే అనుకున్నాను.

"పని నాకు వచ్చక్కా. ఈ వారంలో అది తెలిసింది. కానీ ఐదు నెలల్లో నన్ను పేరు పెట్టి పిలిచింది ఒక్కసారే. అదీ తిట్టడానికి. ఇచ్చేయండక్కా."

ఇచ్చేశాను.

మర్నాడు బస్టాండు దాకా నేనే సంచీ మోశాను. దారి పొడుగునా ఏదో మాట్లాడాలనుకుని ఎండల గురించి మాట్లాడాను. గుంటూరు బస్సు కదిలాక గానీ నా నోటికి ఆ పేరు రాలేదు. "కరీమున్!" అని గట్టిగానే పిలిచాను. కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరు పిలిచారా అని వెతుక్కుంది. నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆ పిల్ల నన్ను దాటి, నా వెనకే చూస్తోంది.