మీ పంపు, మా నల్లా

ఈ ఉదయం కుళాయి తిప్పగానే క్లోరిన్ వాసన గుప్పుమంది. ఆ వాసన వస్తే నాకు యాదగిరి గారు గుర్తొస్తారు. మొదలైంది 2011 మార్చి 7, సోమవారం, ఉదయం ఆరూ ఇరవైకి. అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న డయాలసిస్ కేంద్రంలో గుమాస్తాను. ఆయన మా మేనేజరు, నల్గొండ పల్లె మనిషి. రక్తం శుద్ధిచేసే యంత్రాలకు ముందు నీళ్లలో క్లోరిన్ పోయి శుద్ధి కావాలి. ఆ నీళ్ల ప్లాంటు నడపడం ఒక్క మెకానిక్‌కే తెలుసు. "ఆయనకు జరమొస్తే మనకు బంద్. ఆయన తలకాయల ఉన్నది కాయితం మీదికి రావాలె," అని అంతకుముందే యాదగిరి గారు నాచేత రాయించారు. మెకానిక్ చెబుతుంటే పద్నాలుగు మెట్లుగా రాశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదని మురిసిపోయాను.

ఆ సోమవారం మెకానిక్ సెలవు. నర్సు సైదమ్మ కాగితం చూసి ప్లాంటు నడిపింది. తొమ్మిదో మెట్టులో నేను రాసింది: "వాసన నీళ్లు పోయాక బయటి పంపు కట్టేయాలి." గుంటూరులో మేం కుళాయినే పంపు అంటాం, కట్టేయడమంటే తిప్పి మూయడం. సైదమ్మ వెళ్లి మోటారు ఆపేసింది. రోగులు నలభై నిమిషాలు మంచాల మీద ఎదురుచూశారు.

"తెలుగు చదవడం రాదా?" అన్నాను.

"వచ్చక్కా. పంపు బంద్ చెయ్యమన్నవు, చేసిన."

యాదగిరి గారు నవ్వారు. "మేడం, మీ పంపు మాకు నల్లా. మాకు పంపంటే మోటరే. తప్పు చదివినామెది కాదు, కాయితానిది."

"రాష్ట్రం ఎప్పుడొస్తదో గాని, గీ కాయితానికైతే తర్జుమా ఇయ్యాల్నే గావాలె," అంది సైదమ్మ.

అప్పటినుంచి ఆయన ఒక పద్ధతి పెట్టారు. పని తెలియనివాళ్లు కాగితం చదువుతూ చేయాలి. రాసినవాళ్లు చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా నిలబడాలి. చదివేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చాలి. నేను ఏడుసార్లు తిరగరాశాను. మొదటి మూడుసార్లు కోపంతో రాశాను.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె జరిగి బస్సులు ఆగాయి. ఒక బంద్ రోజు మెకానిక్ నాదర్‌గుల్‌లో, యాదగిరి గారు ఊళ్లో చిక్కుకుపోయారు. రోగులు మాత్రం ఆ రోజు రావాల్సిన నలుగురూ వచ్చేశారు. వాళ్లలో, ఎల్బీనగర్ నుంచి భార్య స్కూటీ మీద తెచ్చిన ఒక మేస్త్రీకి అప్పటికే ఊపిరి అందడం లేదు. మర్నాటిదాకా ఆగే మనిషి కాదు. యాదగిరి గారికి ఫోన్ చేశాను.

"కాయితం ఉంది గద మేడం, నన్నడుగుడెందుకు? సైదమ్మకియ్యిండ్రి. మీరు చేతులు కట్టుకోండ్రి."

సైదమ్మ పైకి చదువుతూ ఒక్కో మెట్టూ నడిపింది. తొమ్మిదో దగ్గర నావైపు చూసి, "నల్లా," అని కావాలనే ఒత్తి పలికింది. చివర నీళ్లు పరీక్షించింది. సరిపోయాయి. యంత్రాలు నాలుగూ తిరిగాయి. మధ్యాహ్నానికి మేస్త్రీ తేరుకుని చాయ్ అడిగాడు. కిడ్నీ రోగి ఎక్కువ తాగకూడదు గనక కొలిచి అరకప్పు ఇచ్చాం.

నాకిప్పుడు డెబ్బైరెండేళ్లు. ఎవరికి ఏ పని అప్పగించినా రాసిచ్చి, వాళ్లు చేస్తుంటే మాట్లాడకుండా చూస్తాను. ఆ బంద్ రోజు నా డైరీలో వేసుకున్న లెక్క ఇది. పోయినవి: వాసన నీళ్లు రెండు బకెట్లు, చదువుతూ చేసినందుకు సమయం ఇరవై అయిదు నిమిషాలు. మనుషులు, ఎవరూ లేరు.